సత్తు సీసా సాక్ష్యం

మాది లాల్‌గడి మలక్‌పేట్. సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి పట్టుకుని వస్తే షామీర్‌పేట చెరువు, అలియాబాద్ చౌరస్తా దాటాక తగిలే ఊరు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కలంతా ద్రాక్షతోటలకు పేరు. ఇప్పుడు టీకాలు, మందులు తయారయ్యే జీనోమ్ వ్యాలీకి పేరు. ఈ రెండింటికన్నా ముందునుంచీ మాకు అలవాటైన వాళ్లు మిలిటరీ వాళ్లు. నగరం వైపు పోతే హకీంపేట విమాన స్థావరం, బొల్లారం, అల్వాల్, తిరుమలగిరి, ఆ వెనక సికింద్రాబాద్ కంటోన్మెంట్. రిటైరైన తర్వాత ఇక్కడే ఇళ్లు కట్టుకుని ఉండిపోయిన ఫౌజీలు యాప్రాల్‌లో, సైనిక్‌పురిలో ఏ వీధిలోనైనా కనిపిస్తారు.

అందుకే మా వైపు పాత సామాన్ల కొట్లలో మిలిటరీ వస్తువులు తరచుగా తేలుతుంటాయి. ఇంటి పెద్ద పోయాక అటక మీది ట్రంకుపెట్టె దింపుతారు. ఉన్ని కోటు, ఇత్తడి బకిల్ బెల్టు, మెస్ టిన్ను, నీళ్ల సీసా బయటపడతాయి. పిల్లలకు వాటి సంగతి తెలియదు. తూకానికి వేసేస్తారు. అక్కడినుంచి ఆ సీసా ఆదివారం ఎర్రగడ్డ సంతకో, గురువారం జుమ్మేరాత్ బజారుకో చేరుతుంది. ఇంట్లోంచి బయల్దేరినప్పుడు అది ఉత్త సీసా. సంతలో దుప్పటి మీద కూర్చునేసరికి ‘జర్మన్ సీసా’ అయిపోతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దగ్గర జర్మన్‌ది అని చూపించే పాత మిలిటరీ సీసాల్లో చాలావాటికి జర్మనీతో ఏ సంబంధమూ లేదు. అలాగని అసలైనవి మన ఇళ్లలో ఉండే అవకాశమే లేదని కొట్టిపారేయడానికీ లేదు. అవి వచ్చిన దారులున్నాయి. ఆ దారులు మన చరిత్రలోనివే. సీసా ఎక్కడిదో సీసానే అడగాలి తప్ప అమ్మేవాణ్ని కాదు.

రోడ్డు పక్క కొట్టులో ఒకసారి ఇలాంటి సీసా నా చేతికొచ్చింది.

“ఏడిదన్నా ఇది?” అన్నాను.

“జర్మనీది సార్. హిట్లర్ టైమ్‌ది. పట్టి చూడుండ్రి, ఎంత గట్టిగున్నదో!”

“జర్మనీదని ఎట్ల తెలిసింది?”

“తెచ్చినాయన చెప్పిండు.”

“ఆయనకెవరు చెప్పిండ్రు?”

“గది నాకెట్ల తెలుస్తది సార్!” అని నవ్వేశాడు. మంచివాడు. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశమేమీ లేదు. విన్నది చెప్పాడు, అంతే.

చూద్దును కదా, పొట్ట ఉబ్బిన ఇనుప సీసా. నీలిరంగు ఎనామిల్ అక్కడక్కడ పెచ్చులూడి నల్లగా కనిపిస్తోంది. మీద ఖాకీ ఉన్ని గుడ్డ చిరుగులు. మెడకు దారంతో కట్టిన బెండు బిరడా. తాళాల గుత్తికున్న చిన్న అయస్కాంతం దగ్గరకు తెస్తే టక్కున అంటుకుంది. ఇది బ్రిటిష్ ఇండియా సైన్యంలో లక్షలమంది నడుముకు వేలాడిన సీసా. ఇటువంటి వాటి మీద చాలాసార్లు బాణం గుర్తు కూడా ఉంటుంది, అది బ్రిటిష్ ప్రభుత్వపు ముద్ర. జర్మన్‌ది కాదన్నానే గాని దానికి విలువ లేదనలేదు. నన్నడిగితే, మన తాతలు మోసిన సీసా అదే కాబట్టి దాన్నే ముందు దాచుకోవాలి.

మరి అసలు జర్మన్ సీసా ఎలా ఉంటుంది?

సేకరించేవాళ్లు ఎక్కువగా వెతికేది 1931 నమూనా సీసాను. ఒక సంగతి గమనించండి. హిట్లర్ గద్దెనెక్కింది 1933 జనవరిలో. ఈ నమూనా అంతకుముందే ఖాయమైంది. కాబట్టి ‘హిట్లర్ చేయించిన సీసా’ అని ఎవరైనా అంటే ఆ మాట దగ్గరే ఆగిపోవచ్చు. ఇది అల్యూమినియం సీసా, మన వాళ్ల మాటలో సత్తు సీసా. చదునుగా ఉండి పైకి పోయేకొద్దీ భుజాలు దిగి మెడ సన్నబడుతుంది. మర మూత. మీద గోధుమరంగు దళసరి ఉన్ని ఫెల్ట్ తొడుగు. తొడుగుకు ఒక పక్క చీలిక, దాన్ని మూయడానికి టిచ్ బటన్ల వరస. ఆ బటన్లు విప్పితే సీసా బయటికి వస్తుంది. సీసా చుట్టూ నిలువునా ఒక తోలు పట్టీ. మూత మీద బోర్లించిన కోలగా ఉన్న అల్యూమినియం కప్పును ఆ పట్టీయే బకిల్‌తో బిగించి పట్టుకుంటుంది. వెనకవైపు ఒక స్ప్రింగు కొక్కెం. జర్మన్ సిపాయి దాన్ని భుజాన వేసుకోడు. బెల్టుకు కట్టుకున్న రొట్టెల సంచి మీద కుడిపక్క వెనగ్గా తగిలించుకుంటాడు. కాబట్టి భుజాన వేసుకునే పొడవాటి పట్టీ ఉంటే అనుమానించాల్సిందే. ఒక్క మినహాయింపు ఉంది. వైద్యదళం వాళ్లకు గాయపడ్డవాళ్లకు తాగించడానికి లీటరు పట్టే పెద్ద సీసా ఇచ్చేవారు, దానికి భుజపట్టీ ఉండేది.

కప్పు రంగు కాలాన్ని చెబుతుంది. మొదటి సంవత్సరాల్లో కప్పుకు బయట నల్లరంగు వేసేవారు. యుద్ధం ముదిరాక ఆకుపచ్చ కలిసిన రంగుకు మారారు. సీసా లోహం కూడా మారింది. అల్యూమినియం అంతా విమానాలకు కావలసి రావడంతో 1943 ప్రాంతం నుంచి ఇనుముతో సీసాలు చేసి ఎరుపు కలిసిన గోధుమరంగు ఎనామిల్ పూశారు. అందువల్ల అయస్కాంతం అంటుకున్నంత మాత్రాన జర్మన్‌ది కాదని తేల్చేయకూడదు. మొదటి ప్రపంచయుద్ధంలోనూ ఇదే జరిగింది. సత్తు సీసాలతో మొదలుపెట్టి, లోహం కరువై ఇనుప ఎనామిల్‌లోకి దిగారు. యుద్ధంలో ఏ దేశం ఎంత ఇబ్బంది పడుతోందో దాని సిపాయి చేతిలోని సీసాను చూస్తే తెలిసిపోతుంది.

ఇంకో రకం ఉంది. ఆఫ్రికా ఎడారికి పోయిన దళాల కోసం 1941 తర్వాత విరివిగా చేసింది. అల్యూమినియం సీసా చుట్టూ ఉన్ని ఫెల్ట్ బదులు రెజిన్‌లో నానబెట్టి గట్టిపరచిన చెక్కపొర ఉంటుంది. ఎండకు నీళ్లు వేడెక్కకుండా అది కాపాడుతుంది. తోలుకు బదులు నేత పట్టీలు, నల్లటి బేకలైట్ కప్పు. చూడ్డానికి గోధుమరంగులో, గట్టి చిప్పలా ఉంటుంది కాబట్టి సేకరించేవాళ్లు దీన్ని ‘కొబ్బరికాయ సీసా’ అంటారు. ఎడారికని చేసినా యూరప్‌లోనూ వాడారు. కాబట్టి కొబ్బరికాయ సీసా కనిపించగానే ఎడారిలో జర్మన్ దళాలను నడిపిన రోమెల్ సైన్యంది అని చెప్పేవాడి మాట సగమే నిజం.

ఇక ఇంట్లో చేసుకోగల పరీక్షల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది తూకం. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాంటా ఉంటే చాలు. ఖాళీ సీసాను తూయండి. మెడదాకా నీళ్లు పోసి మళ్లీ తూయండి. తేడా ఎంతో చూడండి. జర్మన్ 1931 సీసాలో పట్టేది 800 మిల్లీలీటర్లు, అంటే తేడా 800 గ్రాముల దగ్గర్లో ఉండాలి. అమెరికన్ సైన్యపు సీసా ఒక క్వార్టు, అంటే 946 మిల్లీలీటర్లు. బ్రిటిష్ సీసా రెండు పింట్లు, అంటే 1,136. మూడింటి మధ్యా తేడా స్పష్టం. మెడదాకా నింపుతాం కాబట్టి కాస్త ఎక్కువ రావచ్చు, లోపల గార పేరుకుంటే కాస్త తగ్గవచ్చు. 800 ఉండాల్సినచోట 1,100 మాత్రం రాదు. అమెరికన్ సీసాల సంగతెందుకంటే, రెండో యుద్ధంలో బర్మా వైపు పోరుకు వచ్చిన అమెరికా సైన్యం ఇండియాలో బోలెడు సామాను వదిలిపోయింది. ఆ అల్యూమినియం సీసాలు కూడా ‘జర్మన్’ పేరుతో తిరుగుతుంటాయి. వాటి అడుగున ‘యు.ఎస్.’ అనీ, తయారైన సంవత్సరమూ గుద్ది ఉంటాయి. తిప్పి చూసే ఓపిక లేక మోసపోతారు.

ముద్రల దగ్గరికి వద్దాం. జర్మన్ సీసాకు మెడ దగ్గర, కప్పుకు అంచు పక్కనో పిడి దగ్గరో చిన్న అక్షరాలు గుద్ది ఉంటాయి. కంపెనీ పేరులోని పొడి అక్షరాలు, పక్కన సంవత్సరంలోని చివరి రెండంకెలు. ఉదాహరణకు ‘హెచ్.ఆర్.ఇ. 39’. అంటే ఎస్లింగెన్ పట్టణంలోని హైన్‌రిష్ రిట్టర్ కంపెనీ, 1939. ‘వి.డి.ఎన్.’ అంటే ష్వెర్టె పట్టణంలోని నికెల్ కర్మాగారాల సంస్థ. యుద్ధం మధ్యకాలం నుంచి పేర్ల బదులు రహస్య సంకేతాక్షరాలు, పొడవాటి రిజిస్టరు నంబర్లు వేశారు. ఏ ఊళ్లో ఏం తయారవుతుందో శత్రువు విమానాలకు తెలియకూడదని ఆ జాగ్రత్త. సీసా మీద ఒక ఏడాది, కప్పు మీద ఇంకో ఏడాది ఉంటే కంగారు పడనక్కర్లేదు. కప్పులు పోతాయి, స్టోర్లో చేతికందింది ఇస్తారు. ఏ సైన్యంలోనైనా క్వార్టర్ మాస్టర్ ఇంతే.

టిచ్ బటన్ వెనక ‘ప్రిమ్’ అన్న పేరు చూసి ఎగిరి గంతేసేవాళ్లున్నారు. ష్టోల్‌బెర్గ్‌లోని ఆ కంపెనీ అప్పటి జర్మన్ సైన్యానికి బటన్లు అందించిన మాట నిజమే. అదే కంపెనీ ఇప్పటికీ టిచ్ బటన్లు చేస్తోంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. పేరు ఒక్కటే సాక్ష్యం కాదు. పేరున్న బటను చుట్టూ ఫెల్ట్ మీద ఏళ్ల తరబడి తుప్పు మరక దిగిందా, లేక నిన్న బిగించినట్టు శుభ్రంగా ఉందా, అది చూడాలి.

స్వస్తిక మీద నిలబడ్డ గద్ద ముద్ర విషయం ఇంకా సూటిగా చెబుతాను. మామూలు సిపాయి సీసాల్లో ఎక్కువవాటి మీద అది ఉండదు. కంపెనీ అక్షరాలు, సంవత్సరం, అంతే. ఫెల్ట్ మీద నాజీల ఎస్.ఎస్. దళపు మెరుపు గుర్తులు, ఆఫ్రికా దళపు తాటిచెట్టు పెద్దపెద్దగా అచ్చువేసి ఉంటే తొంభై పాళ్లు అది ధర పెంచడానికి వేసిందే. అలాంటి గుర్తులకు ఎగబడి డబ్బు పెట్టేవాళ్లు ఉన్నారు కాబట్టే వేసేవాళ్లూ ఉన్నారు. లక్షలమందిని చంపిన గుర్తును గోడకు తగిలించుకోవాలన్న మోజు నాకెప్పుడూ అర్థం కాలేదు, ఆ సంగతి పక్కన పెడదాం.

నకళ్ల సంగతి వచ్చింది కాబట్టి మనవాళ్లకు తెలియాల్సిన మాట ఒకటుంది. అమెరికాలో, యూరప్‌లో పాత సైనిక సామగ్రి సేకరించేవాళ్లు భయపడే నకళ్లలో మన దేశంలో తయారైనవి తక్కువేమీ కావు. కాన్పూరు లాంటి చోట్ల తోలు పనివాళ్లు ఆర్డరు మీద రెండో యుద్ధం నాటి బెల్టులు, సంచులు, పట్టీలు చేసి ఎగుమతి చేస్తారు. యుద్ధ దృశ్యాలు వేషాలు కట్టి ఆడేవాళ్లకు, సినిమాలవాళ్లకు అవి కావాలి. అందులో తప్పేమీ లేదు. చేసినవాడు కొత్తదనే చెప్పి అమ్ముతాడు. ఆ తర్వాతి చేయి దాన్ని టీ డికాషన్‌లో నానబెట్టి, తోలుకు బూట్ పాలిష్ పట్టించి, ‘మా తాతది’ అంటుంది. మన హైదరాబాద్‌లో ఇంకో మార్గం ఉంది. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ వైపు సినిమా ప్రాపర్టీలు అద్దెకిచ్చే వాళ్లున్నారు. తుపాకులు, టోపీలు, సీసాలు అన్నీ చిత్రీకరణ కోసం చేయించినవి. వాటిలో పనికిరానివి ఏ సామాన్ల బండెక్కి ఎక్కడికి పోతాయో ఎవరికీ పట్టదు.

కొత్తదాన్ని పట్టుకోవడానికి బ్యాంకుల్లో నోట్లు చూసే ఊదారంగు లైటు బాగా పనికొస్తుంది. మూడు నాలుగు వందలకు టార్చి రూపంలోనే దొరుకుతోంది. చీకటి గదిలో తొడుగు కుట్ల మీద వేయండి. ఇప్పటి దారాల్లో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఆ వెలుగులో తెల్లగా, నీలంగా మెరుస్తాయి. 1930లు, 40ల నాటి నూలు దారం, ఉన్ని మెరవవు. ఒక జాగ్రత్త. పాత తొడుగునైనా ఈమధ్య ఎవరైనా సర్ఫ్‌లో ఉతికి ఉంటే అదీ మెరుస్తుంది. అలా అయితే మొత్తం గుడ్డ ఒకేలా మెరుస్తుంది. కుట్లు మాత్రమే మెరిస్తే కుట్లు కొత్తవన్నమాట. దారం ఊడిన పోగు ఒకటి దొరికితే అగ్గిపుల్లతో అంటించి చూడవచ్చు. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వేసి పొడిబూడిద అవుతుంది. కరిగి పూసలా గట్టిపడితే అది పాలియెస్టరో నైలానో. పాలియెస్టరు దారం బజారులోకి వచ్చింది 1950ల్లో. ఇక 1941 సీసాకు ఆ కుట్టు ఎలా వచ్చిందో అమ్మేవాడే చెప్పాలి.

అన్నిటికన్నా మోసం చేయలేనిది అరుగుదల. వాడిన వస్తువు ఎక్కడ అరగాలో అక్కడే అరుగుతుంది. జర్మన్ సీసా రొట్టెల సంచికి ఒరుసుకుంటూ ఊగుతుంది కాబట్టి తొడుగు వెనకవైపు, అడుగు అంచున నూగు రాలి పలచబడాలి. ముందువైపు అంతగా పాడవకూడదు. బకిల్ ఏళ్ల తరబడి ఒకే రంధ్రంలో బిగిస్తే అక్కడ తోలు మీద గాడి పడుతుంది, దాని కింద మెరుగు మాయని గీత ఉంటుంది. కప్పు పిడి మడిచినచోట రంగు లేచి లోహం తెల్లగా కనిపించాలి. నకలు చేసేవాడు గరుకు కాగితంతో అన్నివైపులా ఒకేలా రుద్దుతాడు. సిపాయి అలా రుద్దడు, వాడుకుంటాడు.

యుద్ధం తర్వాతి సీసాలు ఇంకో చిక్కు. పశ్చిమ జర్మనీ సైన్యం 1955లో, తూర్పు జర్మనీ సైన్యం 1956లో ఏర్పడ్డాయి. రెండూ పాత వరసలోనే ఫెల్ట్ తొడుగున్న సీసాలు చేయించుకున్నాయి. ఇవి జర్మన్‌వే, నకళ్లు కావు, కానీ రెండో యుద్ధానివీ కావు. మెడ మీది ముద్రలో 58, 62 అని ఉంటే సంగతి తేలిపోయినట్టే. ప్లాస్టిక్ కప్పున్నా ముందు ఇటువైపే ఆలోచించాలి.

సరే, నిజమైన జర్మన్ సీసా మన తెలుగు ఇంట్లోకి ఎలా రాగలదు?

మొదటి దారి పాలస్తీనా. మొదటి ప్రపంచయుద్ధంలో హైదరాబాద్ నిజాం రిసాలా, మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్విక బ్రిగేడ్‌గా అక్కడ పోరాడింది. ఎదుటి టర్కీ సైన్యం పక్కన జర్మన్ దళాలూ ఉన్నాయి. 1918 సెప్టెంబర్ 23న ఆ బ్రిగేడ్ హైఫా పట్టణాన్ని పట్టుకుంది. ఆ రోజు గుర్రాల దాడి నడిపింది జోధ్‌పూర్, మైసూరు దళాలు. పట్టుబడ్డ 1,350 మందికి పైగా ఖైదీల్లో జర్మన్లు కూడా ఉన్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ దళానిది. ఆ రిసాలాలో పనిచేసినవారి ఇంట మొదటి యుద్ధం నాటి జర్మన్ సీసా ఉండటం ఆశ్చర్యమేమీ కాదు.

రెండో దారి ఉత్తర ఆఫ్రికా, ఇటలీ. నా లెక్కలో అన్నిటికన్నా బలమైన దారి ఇదే. 4వ ఇండియన్ డివిజన్‌లో మద్రాస్ శాపర్స్ 12వ ఫీల్డ్ కంపెనీ పనిచేసింది. మందుపాతరలు తీయడం, రోడ్లు వేయడం, వంతెనలు కట్టడం వాళ్ల పని. మద్రాస్ శాపర్స్‌లో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. 1943 మే నెలలో ట్యునీషియాలో జర్మన్, ఇటాలియన్ సైన్యాలు లొంగిపోయినప్పుడు రెండు లక్షలకు పైగా పట్టుబడ్డారు. జర్మన్ సేనాని ఫాన్ ఆర్నిమ్ లొంగింది ఈ 4వ ఇండియన్ డివిజన్‌కే. ఎడారి నిండా వదిలేసిన సామాను. నీళ్లకు కటకటలాడే చోట సిపాయి ముందుగా ఏరుకునేది సీసానే. ఆ తర్వాత 1944లో ఇటలీలో కసీనో యుద్ధం. మన ఊళ్ల సంగతికొస్తే, పశ్చిమ గోదావరి జిల్లా మాధవరానికి ‘మిలిటరీ మాధవరం’ అన్న పేరు ఊరికే రాలేదు. తరాల తరబడి ఇంటింటి నుంచీ సైన్యానికి పోయిన ఊరది. అలాంటి ఊళ్ల ట్రంకుపెట్టెల్లో ఏముందో ఇప్పటిదాకా ఎవరూ వరసగా చూసి రాసిపెట్టిన దాఖలా నా కంటపడలేదు.

ఆఫ్రికాలో పట్టుబడ్డ ఇటాలియన్ ఖైదీలను వేలాదిగా ఇండియాకు తెచ్చి శిబిరాల్లో ఉంచారు. వాళ్లతో వచ్చిన అల్యూమినియం సీసాలు మన దగ్గర జర్మన్‌వి అయిపోయిన సందర్భాలు ఉండి ఉంటాయి. ఉన్ని తొడుగు బూడిద కలిసిన ఆకుపచ్చగా ఉంటే ముందు ఇటలీని తలచుకోండి.

మూడో దారి సన్ననిది, కానీ హైదరాబాద్‌కు సొంతమైంది. మన నగరవాసి ఆబిద్ హసన్ సఫ్రానీ జర్మనీలో ఇంజనీరింగ్ చదువుతుండగా సుభాష్ చంద్రబోస్ దగ్గర చేరాడు. ‘జై హింద్’ నినాదం ఆయన ఇచ్చిందేనంటారు. భారత ఖైదీలతో అక్కడ ఏర్పడ్డ ఆజాద్ హింద్ దళానికి జర్మన్ దుస్తులు, జర్మన్ సామగ్రి ఇచ్చారు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి బోస్‌తో కలిసి జలాంతర్గామిలో బయల్దేరి, ఏప్రిల్‌లో మడగాస్కర్ దగ్గర నడిసముద్రంలో జపాన్ జలాంతర్గామిలోకి మారింది ఈ ఆబిద్ హసనే. ఈ కథ పేరు చెప్పి ఎవరైనా దూకే పులి బొమ్మ గుద్దిన సీసా చూపిస్తే నమ్మకండి. ఆ దళం పులి చిహ్నం చొక్కా చేతి మీద కుట్టుకునే గుడ్డ బిళ్ల. సీసా మీద దానికి పనిలేదు.

ఇన్ని దారుల్లో మీ ఇంటి సీసా ఏ దారిన వచ్చిందో చెప్పేది పతకాలు. ఇంట్లో ఆఫ్రికా స్టార్ ఉందా చూడండి. ఇసుకరంగు రిబ్బను, మధ్యలో ఎర్ర పట్టీ, అటూ ఇటూ ముదురు నీలం, లేత నీలం చారలు. 1940 జూన్ నుంచి 1943 మే దాకా ఆ ప్రాంతంలో పనిచేసినవారికిచ్చింది. ఇటలీ స్టార్ అయితే 1943 జూన్ నుంచి 1945 మే దాకా. ఈ రెండింటిలో ఒకటుంటే తాత చెప్పిన జర్మన్ సీసా కథకు కాళ్లొచ్చినట్టే. ఉన్నది బర్మా స్టార్ ఒక్కటే అయితే ఆయన పోరాడింది జపాన్‌తో. సీసా అసలైనదే కావచ్చు, కానీ ఆయన యుద్ధభూమిలో తెచ్చింది కాకపోవచ్చు. మొదటి యుద్ధపు పతకాలకు అంచు మీద సిపాయి పేరు, నంబరు, దళం పేరు చెక్కి ఉంటాయి. భూతద్దం పెట్టి చదవండి. డిశ్చార్జి పుస్తకం ఉంటే ఇక చెప్పేదేముంది. మద్రాస్ శాపర్స్‌కు సంబంధించినదైతే బెంగళూరులో వాళ్లకు సొంత మ్యూజియం ఉంది. అక్కడివారిని అడగవచ్చు. మన దగ్గర జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్లు దారి చూపిస్తారు.

ఒక చట్టం మాట కూడా. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక ప్రాధాన్యం ఉండి వందేళ్లు నిండిన వస్తువును సొంతంగా విదేశానికి పంపకూడదు. రెండో యుద్ధపు సీసాకు ఇంకా ఆ వయసు రాలేదు. మొదటి యుద్ధపు సీసాకు వచ్చింది. అమెరికాలో ఉన్న మనవడికి పార్సిల్ కట్టేముందు పురావస్తు శాఖ వాళ్లనొక మాట అడగండి.

చివరిగా అమ్మలకు, అక్కలకు ఒక విన్నపం. పాత సీసా కనిపించగానే చింతపండు పెట్టి తోమకండి. పీచు, సబీనా దగ్గరికి రానివ్వకండి. ఎనభై ఏళ్ల మసి, రంగు, గీతలు, వాటి కింద ముద్ర, అన్నీ ఒక్క పూటలో పోతాయి. తళతళలాడే సీసా ఏ దేశానిదో ఇక ఎవరూ చెప్పలేరు. తోలు పట్టీకి కొబ్బరినూనె రాయకండి, మెత్తబడి తెగిపోతుంది. రివెట్ల దగ్గర చిలుం పట్టి ఉంటే పొడి బ్రష్‌తో దులపండి, చాలు. ఫెల్ట్‌కు పురుగుల భయం. ప్లాస్టిక్ కవరులో బిగించి కట్టకుండా నూలు గుడ్డలో చుట్టి గాలి తగిలేచోట పెట్టండి. అందులో నీళ్లు పోసుకుని మాత్రం తాగకండి.

అల్వాల్, బొల్లారం, షామీర్‌పేట వైపు గాని, మాధవరం లాంటి ఊళ్లలో గాని ఇంట్లో పాత ఫౌజీ పెట్టె ఉన్నవాళ్లు ఈ ఆదివారం దాన్ని ఒకసారి దింపండి. సీసా, పతకం, కాగితాలు విడదీయకుండా ఒకేచోట ఉంచండి. అది ఎవరిది, ఏ దళం, ఎక్కడ పనిచేశారు అన్నది తెలిసినంతవరకు ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి అందులోనే పెట్టండి. ఇంట్లో ఆ సంగతులు తెలిసిన పెద్దవారు ఉంటే వారితోనే చెప్పించి రాయించండి. సామాన్ల బండివాణ్ని పిలవడం ఆ తర్వాత.